ప్యాటర్న్ కనిపించగానే రూల్ అనేసుకోకండి, "అయితే" ఉన్న వాక్యాన్ని తిరగేయకండి: 9, 10 తరగతుల లెక్కలకి ఒక గైడు

తొమ్మిది, పది చదివే పిల్లలు సూత్రం దగ్గర ఆగిపోవడం తక్కువండీ, సూత్రం ఎలాగోలా బట్టీ పట్టేస్తారు. అసలు చిక్కు రెండు చోట్ల వస్తుంది. ఒకటి, నాలుగు ఉదాహరణలు చూసి "ఎప్పుడూ ఇంతే" అని తేల్చేయడం. రెండోది, "ఇది అయితే అది" అన్న వాక్యాన్ని తిరగేసి "అది అయితే ఇది" అని చదివేయడం. నేను విజయనగరంలో హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెప్తాను, బాగా చదివే పిల్లలు కూడా ఈ రెండు చోట్లే జారిపోతుంటారు. ఇవి సరిగ్గా పడితే జామెట్రీ ప్రూఫ్‌లంటే భయం చాలావరకు పోతుంది, రేపు ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నా ఇబ్బంది పడరు. ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే అమ్మానాన్నలకి, ట్యూషన్ చెప్పే కుర్రాళ్ళకి, నేరుగా పిల్లలకి కూడా పనికొస్తుందని రాస్తున్నాను. పక్కన నోట్సు, పెన్ను పెట్టుకుని చదవండి, ఊరికే చదువుకుంటూ పోతే ఇది ఎక్కదు.

ముగ్గు చుక్కలతో మొదలెట్టండి

కొన్ని ఉదాహరణలు చూసి, అన్నిట్లో కామన్‌గా ఏముందో పట్టుకుని, దాన్నుంచి ఒక రూల్ ఊహించడమే ఇండక్టివ్ రీజనింగ్. బీఈడీ చేసినవాళ్ళు ఆగమన పద్ధతి అని చదువుకునే ఉంటారు. అలా ఊహించిన రూల్‌ని కంజెక్చర్ అంటారు, అంటే ఇంకా రుజువు కాని మాట. పిల్లలకి ఈ డెఫినిషన్ ముందే చెప్పకండి, ముందు చుక్కలు పెట్టించండి.

సందు చుక్క ముగ్గు తెలుసు కదా. మధ్య వరుసలో 5 చుక్కలు, దాని పైన సందుల్లో 4, ఆపైన 3, 2, 1, అలాగే కింద కూడా 4, 3, 2, 1. ఇప్పుడు మొత్తం ఎన్ని చుక్కలో అడగండి. అయితే ఒకేసారి 5తో మొదలెట్టకూడదు, మధ్యలో 1 ఉన్న ముగ్గు, 2 ఉన్నది, 3 ఉన్నది, 4 ఉన్నది అని వరుసగా వేయించి లెక్కపెట్టించి టేబుల్ రాయించండి. 1, 4, 9, 16 వస్తాయి. ఇక్కడ ఆపి, 5 చుక్కల ముగ్గు లెక్కపెట్టకముందే ఎంత వస్తుందో రాయమనండి. 25 అని రాసి, తర్వాత లెక్కపెట్టి 25 అని చూసుకున్నప్పుడు పిల్లల మొహాలు చూడాలి మీరు.

ఈ "లెక్కపెట్టకముందే చెప్పడం" చాలా ముఖ్యం, ఎందుకంటే ఉన్న నాలుగు నంబర్లకి సరిపోయే రూల్ ఏదో ఒకటి ఎవరైనా అల్లేయొచ్చు, ఇంకా చూడని ఐదోదాన్ని కరెక్ట్‌గా చెప్తేనే ఆ ఊహకి కాస్త బలం వస్తుంది. ఇంకొకటి, కంజెక్చర్ ఎప్పుడూ పూర్తి వాక్యంగా రాయించండి. "స్క్వేర్ వస్తుంది" అని రాస్తే చాలదు. "మధ్య వరుసలో ఎన్ చుక్కలుండి రెండు వైపులా ఒక్కోటి తగ్గుతూ 1 వరకు వెళ్ళే ముగ్గులో మొత్తం చుక్కలు ఎన్ స్క్వేర్, ఎన్ ఏ సహజ సంఖ్య అయినా సరే" అని రాయాలి. పొడుగ్గానే ఉంటుంది, కానీ ఆ చివరి ముక్క లేకపోతే మనం దేని గురించి మాట్లాడుతున్నామో మనకే తెలీదు.

సరే, ఐదు ముగ్గులకి సరిపోయింది, మరి వందో ముగ్గుకి? ఇప్పుడు నోట్‌బుక్‌ని ఏటవాలుగా తిప్పి చూడమనండి. అదే ముగ్గు 5 వరుసలు, వరుసకి 5 చుక్కలున్న చతురస్రంలా కనిపిస్తుంది, ఇందాక మనం అడ్డంగా చూసిన వరుసలన్నీ ఆ చతురస్రానికి మూలగా ఉన్న గీతలు. చతురస్రంలో చుక్కలు 5 × 5. అంతే, ఇంక వందో ముగ్గు వేయక్కర్లేదు, అది 100 × 100 అవ్వక తప్పదు. ఇదీ కారణం అంటే. మొదట చేసింది ఊహ, ఇప్పుడు చేసింది రుజువు, నిగమన పద్ధతి. ఈ రెంటికీ తేడా పిల్లలకి ఒక్కసారి కంటికి కనిపించాలి, తర్వాత మీరు వందసార్లు చెప్పక్కర్లేదు.

ఇంటికి పని కింద ఎదురు చుక్క ముగ్గు ఇవ్వండి. మధ్యలో 7, పైకీ కిందకీ 5, 3, 1. మధ్యలో 1, 3, 5, 7, 9 ఉన్న ముగ్గులకి వరుసగా 1, 5, 13, 25, 41 చుక్కలు వస్తాయి. ఇక్కడ రూల్ అంత తేలిగ్గా దొరకదు. 25ని 16 + 9 అని, 13ని 9 + 4 అని విడగొట్టి చూపిస్తే అప్పుడు పట్టుకుంటారు.

ప్యాటర్న్ మోసం చేసే చోటు తప్పకుండా చూపించండి

ముగ్గులతో ఆపేస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారంటే, ప్యాటర్న్ కనిపిస్తే అది ఎప్పుడూ నిజమే అని. కాబట్టి అదే వారంలో ఈ వృత్తం లెక్క కూడా చేయించండి, నా ఉద్దేశంలో ఈ టాపిక్ మొత్తానికి దీన్ని మించిన లెక్క లేదు.

పెద్ద వృత్తం గీసి, దాని అంచు మీద 2 చుక్కలు పెట్టి గీతతో కలపండి, వృత్తం 2 ముక్కలవుతుంది. 3 చుక్కలు పెట్టి ప్రతి చుక్కనీ ప్రతి చుక్కతో కలిపితే 4 ముక్కలు. 4 చుక్కలకి 8. 5 చుక్కలకి 16. అసలు ఒక్క చుక్కే ఉంటే గీతే లేదు, 1 ముక్క. అంటే 1, 2, 4, 8, 16. ఇప్పుడు 6 చుక్కలకి ఎంత అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో 32 అంటారు. గీసి లెక్కపెట్టమనండి. 31 వస్తుంది. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 31కి మించి రాదు. "అదేటి మాస్టారూ, ఇందాకట్నుంచీ డబల్ అవుతానే ఉంది కదా, ఇప్పుడేటైంది" అని తప్పకుండా ఎవరో ఒకరు లేస్తారు, లేవాలి కూడా.

ఒక జాగ్రత్త చెప్పాలి ఇక్కడ. 6 చుక్కల్ని సమాన దూరంలో పెడితే మూడు గీతలు సరిగ్గా మధ్యలో ఒకే బిందువు దగ్గర కలిసిపోయి 30 ముక్కలే వస్తాయి, కాబట్టి చుక్కలు కాస్త అటూఇటూగా పెట్టించండి, ఏ మూడు గీతలూ లోపల ఒకేచోట కలవకూడదు. వృత్తం కూడా నోట్‌బుక్ పేజీ నిండా ఉండాలి, చిన్నది గీస్తే మధ్యలో ఉండే బుల్లి త్రిభుజాన్ని పిల్లలు మిస్ అయిపోతారు.

మరి అసలు లెక్క ఏంటి? కొత్త గీత గీసిన ప్రతిసారీ ఒక ముక్క పెరుగుతుంది, అది పాత గీతల్ని ఎన్ని చోట్ల ఖండిస్తే ఇంకా అన్ని ముక్కలు పెరుగుతాయి. కాబట్టి మొత్తం ముక్కలు = 1 + గీతలు + ఖండన బిందువులు. 6 చుక్కలకి 15 గీతలు. ఏ నాలుగు చుక్కలు తీసుకున్నా లోపల ఒక్క ఖండన బిందువు వస్తుంది, 6 చుక్కల్లోంచి 4ని 15 రకాలుగా తీసుకోవచ్చు, కాబట్టి ఖండన బిందువులు 15. 1 + 15 + 15 = 31. 5 చుక్కలకి 1 + 10 + 5 = 16. చూశారా, 16 రావడం కూడా డబల్ అవ్వడం వల్ల కాదు, ఈ కూడిక వల్ల, అది మొదట్లో డబల్‌లా కనిపించింది అంతే. ఆసక్తి ఉన్న పిల్లలుంటే 10 చుక్కలకి చేయమనండి, 1 + 45 + 210 = 256. మళ్ళీ రెండు ఘాతం వచ్చింది! కానీ డబల్ రూల్ ప్రకారం రావాల్సింది 512.

ఐదింటికి సరిపోయి ఆరోది తప్పడం చిన్న విషయం అనుకునేవాళ్ళకి ఇంకోటి ఇవ్వండి. ఎన్ × ఎన్ + ఎన్ + 41 లో ఎన్ బదులు 0 పెడితే 41, 1 పెడితే 43, 2 పెడితే 47, 3 పెడితే 53, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త పేరుతో చెప్పుకునే సమాసం ఇది, 0 నుంచి 39 దాకా వరుసగా నలభై సార్లూ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 పెట్టండి. 40 × 40 + 40 అంటే 40 × 41, దానికి ఇంకో 41 కలిపితే 41 × 41, అంటే 1681, ప్రధాన సంఖ్య కాదు. నలభై సార్లు నిజమైంది నలభై ఒకటోసారి పోయింది.

ఆ ఆయిలర్ అంతటివాడే 1769లో ఇంకో ఊహ చెప్పాడు, ఐదో ఘాతాలు కొన్ని కూడితే మళ్ళీ ఒక ఐదో ఘాతం రావాలంటే కనీసం ఐదు సంఖ్యలు కావాలని దాని సారం. దాదాపు రెండొందల ఏళ్ళు ఎవరూ తప్పని చూపించలేకపోయారు. 1966లో లాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్ మీద వెతికి 27, 84, 110, 133 అనే నాలుగు సంఖ్యల ఐదో ఘాతాలు కూడితే 144 ఐదో ఘాతం వస్తుందని చూపించారు, వాళ్ళ పేపర్ మొత్తం రెండే వాక్యాలు. ఒక్క ఉదాహరణ చాలు కదా, ఇంకేం రాస్తారు. ఇంకోవైపు గోల్డ్‌బాక్ 1742లో చెప్పిన ఊహ ఉంది, 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యనీ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చని. కంప్యూటర్లతో 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత దాకా చూశారు, ఒక్క చోటా తప్పలేదు, అయినా దాన్ని సిద్ధాంతం అనరు, ఇప్పటికీ కంజెక్చరే. పిల్లలకి ఈ రెండూ పక్కపక్కనే చెప్పండి, మన లెక్కల సబ్జెక్టు ఎంత పట్టుదలగా ఉంటుందో అర్థమవుతుంది.

మన ఊళ్ళ నుంచి రెండు ఉదాహరణలు

లెక్క బయట కూడా మనం రోజూ చేసేది ఇదే. "అక్టోబరు వచ్చిందంటే తుపానే" అని మన వైపు అంటుంటారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీకి పలాస, ఉద్దానం వైపు కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో చూసినవాళ్ళకి ఆ మాట ఊరికే రాలేదని తెలుసు. కానీ 2015, 2016, 2017 అక్టోబర్లలో ఆ స్థాయి తుపాను మన తీరాన్ని తాకలేదు. కాబట్టి "ప్రతి అక్టోబరులో వస్తుంది" అన్నది తప్పు, "అక్టోబరులో జాగ్రత్తగా ఉండాలి" అన్నది మాత్రం చక్కటి నిర్ణయం. ఇండక్టివ్ రీజనింగ్ బతుకులో చాలా అవసరం, దాంతో సిద్ధాంతాలు రుజువు చేయలేం అంతే, ఈ ముక్క పిల్లలకి విడిగా చెప్పాలి, లేకపోతే ప్యాటర్న్ చూడటమే తప్పేమో అనుకుంటారు.

రెండోది అరసవిల్లి సూర్యదేవాలయం. ఏటా మార్చి 9, 10 ప్రాంతంలోనూ, మళ్ళీ అక్టోబరు 1, 2 ప్రాంతంలోనూ పొద్దున్నే సూర్యకిరణాలు మూలవిరాట్టుని తాకుతాయి, శ్రీకాకుళంలో పుట్టినవాళ్ళెవరికైనా తెలుసు. ఏళ్ళ తరబడి చూసి "ఏడాదికి రెండుసార్లు" అనడం ఆగమనం. ఇప్పుడు కారణం వెతుకుదాం. సూర్యుడు రోజూ ఒకేచోట ఉదయించడు, డిసెంబరు చివర బాగా దక్షిణంగా, జూన్ చివర బాగా ఉత్తరంగా ఉదయిస్తాడు, మార్చి 20, 21 కీ సెప్టెంబరు 22, 23 కీ సరిగ్గా తూర్పున ఉంటాడు, ఆ రోజుల్నే విషువత్తులు అంటారు. అటూఇటూ తిరిగేవాడు మధ్యలో ఉన్న ఏ చోటైనా ఏడాదిలో రెండుసార్లు దాటాలి, వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. మార్చి 10 అంటే విషువత్తుకి ఇంచుమించు పది రోజుల ముందు, అక్టోబరు 2 అంటే రెండో విషువత్తు అయ్యాక ఇంచుమించు పది రోజులకి, రెండుసార్లూ సూర్యుడు తూర్పుకి కొద్దిగా దక్షిణంగా దాదాపు ఒకేచోట ఉంటాడు. అంటే మార్చి తేదీ ఒక్కటి తెలిసినా అక్టోబరు తేదీ మనం నోట్సు మీద లెక్కకట్టి చెప్పగలం. చూసింది చూసినట్టు చెప్పడం వేరు, కారణం పట్టుకుని చూడనిది చెప్పడం వేరు. మబ్బు పడితే కిరణాలు తాకవు, అది తర్వాత "అయితే" వాక్యాలకి పనికొస్తుంది.

ప్రత్యుదాహరణ ఎలా ఇవ్వాలి

ఊహ తప్పని చెప్పడానికి ఒక్క ప్రత్యుదాహరణ, అంటే కౌంటర్ ఎగ్జాంపుల్ చాలు. "ప్రధాన సంఖ్యలన్నీ బేసి సంఖ్యలే" అంటే, 2 అని ఒక్క అంకె రాస్తే పని అయిపోయింది. కానీ పిల్లలు ఇక్కడ ఒక తప్పు పదేపదే చేస్తారు. "ఒక సంఖ్య 4తో భాగించబడితే అది 8తో కూడా భాగించబడుతుంది" అన్నది తప్పని చూపించమంటే 10 అని రాస్తారు. 10ని 8 భాగించదు నిజమే, కానీ 10ని 4 కూడా భాగించదు కదా, వాక్యం అసలు 10 గురించి మాట్లాడనే లేదు. ముందు భాగం నిజం అవ్వాలి, వెనక భాగం తప్పవ్వాలి, అప్పుడే ప్రత్యుదాహరణ. 12 రాయాలి. పరీక్షలో కూడా ఉత్తి 12 అని వదిలేయకుండా "12ని 4 భాగిస్తుంది, 8 భాగించదు" అని రెండు ముక్కలూ రాయించండి.

ఇప్పుడు "అయితే" వాక్యాలు

కండిషనల్ స్టేట్‌మెంట్ అంటే "ఇది అయితే అది" అనే రకం వాక్యం. "అయితే" ముందున్నది దత్తాంశం, తర్వాతది సారాంశం. జామెట్రీ సిద్ధాంతం రాసేటప్పుడు దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు హెడ్డింగులు పెడతాం కదా, వాటిలో మొదటి రెండూ ఇక్కణ్ణుంచే వస్తాయి. చాలా సిద్ధాంతాల్లో ఈ "అయితే" బయటికి కనిపించదు, అందుకే పిల్లలు తడబడతారు. "రాంబస్ కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి" అంటే, ఒక చతుర్భుజం రాంబస్ అయితే దాని కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి అని. ఏ సిద్ధాంతం మొదలెట్టినా ముందు దాన్ని ఇలా విప్పి రాయడం అలవాటు చేయించండి, ఈ ఒక్క అలవాటుతో ప్రూఫ్‌లో మొదటి రెండు లైన్లు వాటంతటవే వచ్చేస్తాయి.

ఇంక తిరగేయడం గురించి. విజయనగరం పిల్లలకి దీనికి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కంటే మంచి ఉదాహరణ దొరకదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు సిరిమాను తిరుగుతుంది, కాబట్టి "ఈ రోజు సిరిమానోత్సవం అయితే ఈ రోజు మంగళవారం". ఇది నిజం. దీన్ని తిరగేస్తే "ఈ రోజు మంగళవారం అయితే ఈ రోజు సిరిమానోత్సవం", దీన్ని విపర్యయం అంటారు, ఇంగ్లీష్ మీడియం పిల్లలకి కన్వర్స్. నిజమా? ప్రతి మంగళవారం గుడి ఉన్న మూడు లాంతర్ల దగ్గర అంత జనం ఉంటారా ఏంటి. రెండు భాగాలకీ "కాకపోతే" పెడితే, "సిరిమానోత్సవం కాకపోతే మంగళవారం కాదు", ఇది విలోమం, ఇన్వర్స్, ఇదీ తప్పే. ఇప్పుడు తిరగేసి, "కాకపోతే" కూడా పెడితే, "ఈ రోజు మంగళవారం కాకపోతే ఈ రోజు సిరిమానోత్సవం కాదు". ఇది ప్రతివర్తితం, కాంట్రాపాజిటివ్. ఇది నిజం, ఇది నిజమో కాదో ఆలోచించాల్సిన పనే లేదు, అసలు వాక్యం నిజమైతే ప్రతివర్తితం కూడా నిజమే అవుతుంది, అసలుది తప్పైతే అదీ తప్పే. అలాగే విపర్యయం, విలోమం ఈ రెండూ ఒక జత, నిజమైతే రెండూ నిజం, తప్పైతే రెండూ తప్పు.

పేర్లు మర్చిపోయినా పర్లేదు, పరీక్ష ముందు రోజు చూసుకుంటే గుర్తుంటాయి. సిరిమాను వాక్యం, దాని నాలుగు రూపాలు మాత్రం పిల్లాడు నోటితో చెప్పగలగాలి.

విపర్యయం ఎప్పుడూ తప్పే అని కూడా అనుకోకూడదు. పైథాగరస్ సిద్ధాంతం ఉంది, దాని విపర్యయం కూడా నిజమే, కానీ దాన్ని మళ్ళీ వేరుగా రుజువు చేయాలి, యూక్లిడ్ కూడా మొదటి పుస్తకంలో 47వ ప్రతిపాదనగా సిద్ధాంతం, 48వదిగా విపర్యయం విడివిడిగా రుజువు చేశాడు. 5, 12, 13 భుజాలిచ్చి లంబకోణ త్రిభుజమేనా అని అడిగితే వాడాల్సింది విపర్యయాన్ని, చాలామంది "పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం" అని రాసేస్తారు, "పైథాగరస్ సిద్ధాంత విపర్యయం ప్రకారం" అని రాయాలి. ఇందాకటి రాంబస్ వాక్యానికి మాత్రం విపర్యయం తప్పు. గీసి చూడండి, అడ్డంగా 4 సెంటీమీటర్ల గీత, దాని మధ్యబిందువు నుంచి నిలువుగా పైకి 1, కిందకి 5. నాలుగు కొసలూ కలిపితే గాలిపటం ఆకారం వస్తుంది, కర్ణాలు లంబంగానే ఉన్నాయి, కానీ పై భుజాలు చిన్నవి, కింద భుజాలు పెద్దవి, రాంబస్ కాదు. సర్వసమాన త్రిభుజాల వైశాల్యాలు సమానం, వైశాల్యాలు సమానమైనంత మాత్రాన సర్వసమానం కానక్కర్లేదు, ఇదీ అలాంటిదే.

"ఉంటే", "ఉంటేనే" తేడా కూడా చూపించండి. "హాల్ టికెట్ ఉంటేనే లోపలికి పంపిస్తారు" అంటే, లోపలున్న ప్రతివాళ్ళ దగ్గరా హాల్ టికెట్ ఉంది అని అర్థం. టికెట్ ఉన్న ప్రతివాళ్ళూ లోపలికి వెళ్ళిపోయారని కాదు, లేటుగా వస్తే టికెట్ ఉన్నా గేటు బయటే. "అయితే" ఒకవైపు బాణం, "అయితేనే" ఎదురువైపు బాణం, రెండూ కలిపి రాసినప్పుడు రెండు వైపులా రుజువు చేయాలి. అంకెల మొత్తాన్ని 3 భాగిస్తే సంఖ్యని కూడా 3 భాగిస్తుంది, సంఖ్యని 3 భాగిస్తే అంకెల మొత్తాన్ని కూడా భాగిస్తుంది, ఇది రెండు వైపులా నిజమైన వాక్యం.

దత్తాంశం తప్పైతే ఏంటి అనేది పిల్లల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. ఒక తండ్రి కూతురితో "పదిలో 600కి 550 దాటితే సైకిల్ కొంటానమ్మా" అన్నాడనుకోండి. 560 వచ్చి సైకిల్ కొంటే మాట నిలబెట్టుకున్నాడు. 560 వచ్చీ కొనకపోతే మాట తప్పాడు. 530 వచ్చి కొనలేదు, మాట తప్పినట్టా? కాదు. 530 వచ్చినా ముచ్చటపడి కొనిచ్చాడు, అప్పుడు? అప్పుడు కూడా మాట తప్పలేదు, 550 దాటకపోతే కొననని ఆయన అనలేదు. నాలుగు సందర్భాల్లో ఒక్కదాంట్లోనే వాక్యం తప్పవుతుంది, దత్తాంశం నిజమై సారాంశం తప్పైనప్పుడు. అరసవిల్లి వాక్యం కూడా ఇలాగే చేయించండి, "కిరణాలు తాకితే ఆకాశం నిర్మలంగా ఉంది". ఆగస్టులో ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా కిరణాలు తాకవు, అయినా ఈ వాక్యానికి వచ్చిన నష్టమేం లేదు.

ప్రతివర్తితం ఎందుకు నేర్చుకోవాలి

పదో తరగతి వాస్తవ సంఖ్యల్లో రూట్ 2 కరణీయం అని రుజువు చేసేటప్పుడు మధ్యలో "ఎ స్క్వేర్ సరి సంఖ్య అయితే ఎ కూడా సరి సంఖ్య" అన్న మాట వాడతాం. నేరుగా రుజువు చేయబోతే చేతికి ఏమీ చిక్కదు, స్క్వేర్ నుంచి వెనక్కి రావాలి కదా. ప్రతివర్తితం చూడండి, "ఎ బేసి అయితే ఎ స్క్వేర్ బేసి". ఎ = 2కె + 1 అనుకుంటే, ఎ స్క్వేర్ = 4కె స్క్వేర్ + 4కె + 1, అంటే ఏదో సరి సంఖ్యకి 1 కలిపినట్టు, బేసి. రెండు లైన్లలో అయిపోయింది. అటు నుంచి రాకపోతే ఇటు నుంచి చేయడం అన్నమాట, ఇంటర్‌లోనూ తర్వాతా దీని అవసరం చాలాసార్లు పడుతుంది.

ఇంటర్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అక్కడో, ఆ తర్వాతో గణితానుగమనం అనే పద్ధతి ఎదురవుతుంది, మ్యాథమెటికల్ ఇండక్షన్. పేరు చూసి ఇది మనం చేసిన ప్యాటర్న్ ఊహించడమే అనుకోకండి. అది పక్కా రుజువు. 1కి నిజమని చూపించి, "కె కి నిజమైతే కె + 1 కి కూడా నిజం" అన్న "అయితే" వాక్యాన్ని రుజువు చేస్తే అన్ని సహజ సంఖ్యలకీ నిజమైపోతుంది. మొదటి కె బేసి సంఖ్యల మొత్తం కె స్క్వేర్ అయితే, తర్వాతి బేసి సంఖ్య 2కె + 1 కలిపితే (కె + 1) స్క్వేర్ వస్తుంది, ఇక్కడ ఉదాహరణల్లో కనిపించిన ప్యాటర్న్ మీద ఆధారపడటం లేదు, 1 దగ్గర మొదలెట్టాక ఆ "అయితే" మీదే అంతా నిలబడింది. వృత్తం లెక్కలో ఆ రెండో మెట్టే లేదు, అందుకే 31 దగ్గర పడిపోయింది.

మొత్తం కలిపి ఒక లెక్క, ఈ రాత్రికే చేయించండి. వరుసగా వచ్చే మూడు సంఖ్యలు కూడమనండి, 1 + 2 + 3 = 6, 4 + 5 + 6 = 15, 10 + 11 + 12 = 33. కంజెక్చర్ వాళ్ళే చెప్తారు, 3తో భాగించబడుతుంది అని. "ఒక సంఖ్య వరుసగా వచ్చే మూడు సంఖ్యల మొత్తం అయితే దాన్ని 3 భాగిస్తుంది" అని "అయితే" ఆకారంలో రాయించండి. రుజువుకి మధ్య సంఖ్యని ఎన్ అనుకోమనండి, ఎన్ − 1, ఎన్, ఎన్ + 1 కూడితే 3ఎన్, మొదటి సంఖ్యని ఎన్ అనుకున్నా వస్తుంది కానీ మధ్యది తీసుకుంటే కారణం ఎదురుగా కనిపిస్తుంది. తర్వాత విపర్యయం రాయించి అది నిజమో కాదో అడగండి, 3 భాగించే ఏ పూర్ణసంఖ్యనైనా మూడు వరుస సంఖ్యల మొత్తంగా రాయొచ్చా? 33ని 3తో భాగిస్తే 11, దానికి అటొకటి ఇటొకటి, అంటే 10, 11, 12, 3 భాగించే ఏ సంఖ్యకైనా ఇలాగే చేయొచ్చు, కాబట్టి నిజమే. అప్పుడు "నాలుగు వరుస సంఖ్యలు కూడితే 4తో భాగించబడుతుందా" అని అడగండి, ఊపు మీద ఉంటారు కాబట్టి అవునంటారు. 1 + 2 + 3 + 4 = 10. ఒక్కదానితో పోయింది. ఐదు సంఖ్యలకి, ఆరుకి, ఏడుకి చూసి ఏ వాటికి నిలబడుతుందో ఊహించమనండి, ఐదుకీ ఏడుకీ ఉండి నాలుగుకీ ఆరుకీ లేనిదేంటో వాళ్ళనే వెతకనివ్వండి. మధ్య సంఖ్య అని చెప్పేయకండి, కనీసం రేపటిదాకా ఆగండి.